మూయని చిల్లు

షువైఖ్‌లో మా గ్యారేజీ ముందర
రెండు బండ్లు పక్కపక్కన నిలబడినాయి, మూడు వారాలు.
ఒకటి యాభైతొమ్మిది ఇంపాలా,
ఇంకోటి ఎనభైతొమ్మిది కాప్రిస్.
రెండూ షెవర్లేలే,
అక్కాచెల్లెండ్లంటే మాత్రం ఎవురూ నమ్మరు.

ఇంపాలాకు వెనకాల రెక్కలు,
రెక్కల కింద పిల్లికండ్ల దీపాలు.
ఎగరడమొకటే తక్కువ అనుకొని గీసినట్టుండారు.
రేకు మందం. సుత్తేస్తే గంట మాదిరి పలుకుతుంది.
కాప్రిస్ ట్రంకుపెట్టె. గీతలన్నీ స్కేలు పెట్టి కొట్టినవే.
రేకు పలచన, సుత్తి ఎత్తకముందే భయపడుతుంది.
ఏసీ మటుకు ఇప్పటికీ
పండ్లు గడగడలాడిస్తుంది.

ఇంపాలా బూ దహ్హామ్‌ది. పోయినేడు వేలంలో కొన్నాడు.
"అరవై ఐదేండ్ల బండని తెలియాల,
అరవై ఐదేండ్లు బతికిందని తెలియగూడదు" అంటాడు.
కండ్లు మూసి అరచేత్తో తడిమితే చాలు,
సొట్ట ఏడుందో నాకు తెలుస్తుంది.
పదకొండు తీసినా.
ఎవురో ఎక్కడో గోడకు గుద్దుకొని
తిట్టుకున్న పదకొండు సాయంత్రాలు.

కాప్రిస్ హెస్సా టీచరమ్మది.
డిక్కీ మూత మీద, తాళం బొక్కకు జానెడు పైన
చిటికెనవేలు పట్టే చిల్లు.
అలవాటు కొద్దీ పుట్టీ డబ్బా తెరిచినా.
ఆమె మూత తీసుకొని మళ్ళా డబ్బాకు పెట్టేసింది.
"తుప్పు పట్టకుండా చూడు. మూయొద్దు."

రంగులేసే మస్తాన్‌వలన్న వచ్చి
చిల్లులో వేలు పెట్టి అట్లనే నిలబడినాడు.
తొంభైలో ఆయన ఈడనే ఉన్నాడు.
బస్రా, బాగ్దాద్, అమ్మాన్,
సంకలో రొట్టెల సంచి, జేబులో చెల్లని దినార్లు.
ఆ కథ రూములో నవ్వుకుంటా వందసార్లు చెప్పినాడు.
ఈ పొద్దు చెప్పలేదు.
"లోపలికి పోయిందా, బయటికొచ్చిందా?" అన్నాడు.
రేకు అంచు చూసినా.
లోపలికి వంగింది.
ఆ తర్వాత వెనకసీటు దిక్కు
ఇద్దరం చూడలేదు.

సన్న కుంచెతో అంచు చుట్టూ లాకర్ పూసినా.
ఇరవై ఏండ్లలో అంత చిన్న పని చేసిందిలేదు.
బిల్లులో ఏం రాయాలో తోచక
"పాలిష్" అని రాసినా.

ఇంపాలా దుప్పటి కప్పుకొని ట్రైలరెక్కి పోయింది.
కాప్రిస్‌ను ఆమే నడుపుకుంటా పోయింది.

డిక్కీలో దూరి కార్పెట్ అతికించేటప్పుడు
మూత పడింది ఒకసారి.
చీకట్లో నా చొక్కా మీద పావలా అంత ఎండ.
చెయ్యి పెడితే చేతి మీదికొచ్చింది.

నాలుగో రింగురోడ్డు మలుపుల్లో
ఇప్పుడెటు జారుతుందో ఆ పావలా.