ఎనభై దాటాక

హెక్సమ్ దాటాక, సూపర్‌మార్కెట్ వెనకాల
చెత్తడబ్బాల వరసకీ టాయిలెట్లకీ మధ్య
నాలుగు చార్జర్లు.
ఒకదానికి నల్లసంచి తొడిగారు.
ఒకటి మార్చి నుంచీ "క్షమించండి" అంటూనే ఉంది.
మూడోది నా కార్డు చూసి ముఖం తిప్పుకుంది.
నాలుగోదాని దగ్గర, చేతులు చంకల్లో దాచుకుని, నేను.

యూనిట్‌కి డెబ్బై తొమ్మిది పెన్నీలు.

మా వీధి చివర ఇంటి ఫెర్గస్‌కి
ఇంటిముందు కారు పట్టేంత జాగా ఉంది.
అర్ధరాత్రి అతను గురక పెడుతుంటే
గోడలోంచి ఏడు పెన్నీల కరెంటు
అతని కారులోకి నిద్రలా దిగుతుంది.
నాది వరసిళ్లలో ఒకటి. తలుపు తీస్తే కాలిబాటే.
కిటికీలోంచి ఒక రాత్రి తీగ వేస్తే
కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది,
ఎవరైనా తట్టుకుని పడతారని.
కొండమీద తిరిగే గాలిమర ఒక్కటే, తీగల్లో పారేదీ ఒక్కటే.
జాగా ఉన్నవాడికి ఒక రేటు,
గుమ్మం ఒక్కటే ఉన్నవాళ్లకి పదకొండింతలు.

పియానోలకి శ్రుతి చేయడం నా పని.
ఈ పూట ఆల్‌స్టన్‌ కొండమీది చాపెల్లో ఒకటి,
ఆరేళ్లుగా ఎవరి వేలూ తగలనిది. డెబ్బై పౌండ్లు.
ఇప్పటికి పదహారు యూనిట్లు: పన్నెండు పౌండ్ల అరవై నాలుగు.
టీ కప్పు మూడున్నర. దాన్నెవరూ యూనిట్లలో కలపరు.
చమురు తాగని కారు కొన్నానని
అందరితో గొప్పగా చెప్పుకున్నాను.
చేతిచమురు సంగతి నాకెవరూ చెప్పలేదు.

చార్జర్ పొట్టలో ఫ్యాను మూలుగుతోంది.
చెవి పెట్టి విన్నాను:
బి ఫ్లాట్‌కి పావు మెట్టు కింద.
సరిచేద్దామంటే మర ఎక్కడా కనిపించదు.

అప్పుడొచ్చింది పార్సెళ్ల వ్యాను.
చొక్కా మీద పేరు: టెస్ఫలెమ్.
నన్ను చూడలేదు, తెరమీది అంకె చూశాడు.
డెబ్బై ఆరు.
"నూరు దాకా ఉంటారా?"
అడగడంలో మర్యాద ఉంది, కాళ్లలో లేదు. అవి ఆగడం లేదు.
"నాది ఆరు. ఇంకా నూట పన్నెండు పార్సెళ్లు.
పార్సెల్‌కి ఇస్తారు డబ్బు, నిలబడ్డందుకు కాదు."

నిండుకుండ తొణకదంటారు గానీ
నిండడానికి అది పెట్టే బాధ ఎవరూ చెప్పరు.
సగం దాకా గటగటా తాగిన కారు
ఎనభై దాటాక
మందు తాగే పిల్లలా చుక్క చుక్క చప్పరిస్తుంది.
రేటు మాత్రం తగ్గదు.

హీటర్ వేసుకుంటే నాకు ఎనభై ఎనిమిది కావాలి.
పదకొండేళ్ల బాటరీ. చలికి అదీ ముడుచుకుంటుంది.

ప్లగ్ పీకేశాను.
దాతృత్వం ఏమీ కాదు.
అతను అలా నిలబడి ఉంటే టీ గొంతు దిగలేదు, అంతే.
బిగుసుకుపోయిన ఆ తీగని
ఇద్దరం చెరో కొసా పట్టి
అతని వ్యాను దాకా ఈడ్చాం.

"ఎటు?" అన్నాడు.
"ఆల్‌స్టన్. చాపెల్‌కి."
వ్యానులోకి దూరాడు. చాలాసేపు అట్టపెట్టెల చప్పుడు.
ఒక పెద్ద మెత్తటి పెట్టెతో బయటికొచ్చాడు.
చాపెల్‌కే. కుర్చీల దిండ్లు.
రూలు ప్రకారం ఇవ్వకూడదు.
"గుమ్మంలో పెట్టి ఫోటో పంపండి.
నాకు నలభై మైళ్లు మిగులుతాయి."

హీటర్ ఆపేసి, గ్లవ్స్ తొడుక్కుని, ఒళ్లో దిండ్లతో
కొండ ఎక్కాను.
వెచ్చగానే ఉంది, నిజం చెప్పాలంటే.

చాపెల్లో మంచులాంటి చల్లదనం. గుమ్మంలో ఫోటో పంపాను.
అతను ఒక బొటనవేలు బొమ్మ పంపాడు, కింద: "నలభై ఒకటి."
పియానో మూత తీసి బి ఫ్లాట్ నొక్కాను.

పావు మెట్టు కింద.
చెత్తడబ్బాల పక్కనుంచి ఆ ఫ్యానే
ఇక్కడిదాకా నా వెంట వచ్చినట్టు.

కాసేపు అలాగే వదిలేద్దామనిపించింది.
డెబ్బై పౌండ్లు గుర్తొచ్చి
తీగ బిగించాను.