మనిషికి ముప్ఫై ఎనిమిది డాలర్లు

కాఫీ డబ్బా బల్ల మీద బోర్లించి లెక్కపెట్టాం.
నోట్లకి కూడా కాఫీ వాసనే.
మనిషికి ముప్ఫై ఎనిమిది.
బస్సుకి ఇరవై ఆరు, వాషింగ్టన్‌లో మెట్రోకి ఆరు,
మిగిలిన ఆరూ అత్యవసరానికి.
"అత్యవసరం అంటే?" అంది లర్లీన్.
"ఊపిరాడకపోతే" అన్నాను.
ముందు ఎవరూ నవ్వలేదు.
తర్వాత దగ్గొచ్చేదాకా నవ్వాం.

హోటళ్లకి ఫోన్లు చెయ్యడం నా వంతు.
రెండు వందల పదకొండు, పన్ను అదనం, అంది ఒక గొంతు.
రెండు వందల నలభై, పొద్దున టిఫినుతో, అంది ఇంకోటి.
మా వీధిలో సగం నెల అద్దె
అక్కడ ఒక్క రాత్రి నిద్ర.
ఎవరో ఎవరికో చెప్పగా చివరికి
ఊరికి ఈశాన్యాన ఒక చర్చి నేలమాళిగ దొరికింది.
ఉచితం.
"చాపలు మావి, దుప్పట్లు మీవి,
గురక ఎవరిది వాళ్లదే" అన్నాడు ఫోన్లో టాలివర్ గారు.
ఆ రాత్రి చిట్టా మూసి
నా తెలివికి నేనే మురిసిపోయాను.

పాత స్కూలు బస్సు. పిల్లల కొలతకి చేసిన సీట్లు.
డెన్వర్ స్టిల్ట్‌నర్ తోలుతుంటే
వెస్ట్ వర్జీనియా మలుపు మలుపుకీ
మోకాళ్లు గడ్డాలకి తగిలాయి.
నాలుగు ఆక్సిజన్ సిలిండర్లకి టికెట్ తియ్యలేదు గానీ
కిటికీ పక్క సీట్లిచ్చి తాళ్లతో కట్టాం.
రేకు కాగితంలో చుట్టిన పెప్పరోని రొట్టెలు
ముందు నుంచి వెనక్కి చేతులు మారాయి.
చీకటి పడ్డాక
ఎవరు మేలుకున్నారో దగ్గుని బట్టి తెలిసేది.

నలభై ఒక్కమంది, రెండు మరుగుదొడ్లు.
గోడ నిండా పిల్లలు రంగులేసిన నోవా ఓడ,
అందులో జిరాఫీలు రెండూ ఊదారంగువి.
టాలివర్ గారు తాళాల గుత్తి మోగిస్తూ సూప్ వడ్డించాడు.
"నా చిన్నప్పుడూ ఇట్లాగే వచ్చేవాళ్లు, వేరే ఊరేగింపులకి.
దేనికొచ్చారని మా అమ్మ అడిగేది కాదు.
తిన్నారా అని అడిగేది."

పొద్దున ఆరుకి అందరూ బూట్లు కట్టుకున్నారు.
ఎమిట్ రాట్‌లిఫ్ కూడా కట్టుకున్నాడు,
అట్ట పలక చంకలో పెట్టుకుని మెట్ల దగ్గరికి నడిచాడు.
మూడో మెట్టు మీద ఆగాడు.
నాలుగోది చూశాడు.
వెనక్కి దిగి కూర్చున్నాడు.

రాత్రి దిగాడు కదా! దిగడం అతనికి అలవాటే,
ముప్ఫై మూడేళ్లు దిగాడు.
ఎనిమిది వందల అడుగుల గనికి లిఫ్టు ఉండేది.
దీనికి ఉన్నవి పద్నాలుగు మెట్లు.
రేటు అడిగాను, పన్ను అడిగాను, పొయ్యి ఉందా అని కూడా అడిగాను.
మెట్లు అడగలేదు.

మోసుకెళ్తామన్నారు.
"సాయంత్రం మొయ్యండి, ఇప్పుడు మీకే ఊపిరి కావాలి" అన్నాడు.
"మా ఊపిరి బాకీ తీర్చండి" అన్న అతని పలక
లర్లీన్ చేతుల్లో పైకెక్కి వెళ్లిపోయింది.
నేను ఉండిపోయాను.

ఆ గదికి ఒకటే కిటికీ, కప్పుకి ఆనుకుని, వీధికి సమంగా.
అందులోంచి కాళ్లు మాత్రమే కనిపిస్తాయి.
బడిపిల్లల కుర్చీల్లో కూర్చుని చూశాం.
రెండు వందల పన్నెండు దాకా లెక్కపెట్టి
"వీళ్లంతా మనవాళ్లేనా?" అన్నాడు.
"కొందరు ఆఫీసుకి పోతున్నారేమో."
"నల్లబూట్లని తీసెయ్ అయితే" అని
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

సాయంత్రం, బొంగురుపోయిన గొంతులతో వచ్చి
కుర్చీతో సహా ఎత్తారు.
గాల్లో వెనక్కి వాలి తిట్టాడు, నవ్వాడు,
జేబులోంచి నలిగిన ఆరు డాలర్లు తీసి
టాలివర్ గారి చేతిలో కుక్కబోయాడు.
ఆయన పుచ్చుకోలేదు. ఈయన జేబులో పెట్టుకోలేదు.
ఏ మెట్టు మీద పడ్డాయో ఆ నోట్లు, నేను చూడలేదు.

తిరుగు బస్సులో
ఖర్చులన్నీ కూడి గీత గీశాక
గీత కిందే రాశాను:
మెట్లు, పద్నాలుగు.