గది నిశ్శబ్దం

బైరాగిపట్టెడలో రెండో మిద్దె.
గోడలకు బొంతలు కట్టినారు, ఫ్యాను ఆపినారు.
కిందింట్లో కుక్కర్ కూసినప్పుడల్లా
చెప్పిన మాటే మళ్ళీ చెప్పాల.

పన్నెండు రోజులు. గంటకు నాలుగు నూర్లు.

"నవ్వుతా చెప్పండి మేడమ్" అంటాడు హేమాద్రి,
మా చిన్నోడి ఈడు.
"నవ్వు కనబడదు కదప్పా?"
"వినబడతాది మేడమ్."

క్షమించండి, ముప్పై ఆరు తీర్లు.
తప్పకుండా, ఇరవై.
మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు:
తప్పు నాదే అన్నట్టు, తోక కొంచెం దించి.
కాగితాలన్నీ తిరగేసినా
'కుదరదు' అనే మాట ఒక్క చోటా లేదు.

నా గొంతు అది కాదు.
మా నాయనకు పక్షవాతం వచ్చిన ఏడు
దామలచెరువు మండీలో
తోతాపురి కుప్ప పక్కన నిలబడి
వేలం పాడిన గొంతు నాది.
ఒకటోసారి, రెండోసారి...
మూడోసారి అనేలోపల
లారీ సేట్లు గుటకలు మింగేవాళ్ళు.

ఆ మాట చెప్తే హేమాద్రి నవ్వినాడు.
"అది వద్దు మేడమ్, భయపడతారు.
మెత్తగా ఉంటే జనం తిట్టరు."
అప్పు వసూలు మాటలకు మాత్రం
పక్కగదిలో మునిరత్నాన్ని కూర్చోబెట్టినారు.
పాపం, ఇంకో టీ కావాలని
గట్టిగా అడగలేని మనిషి.

ఇప్పుడు గ్యాసు బుకింగులో ఉండాను,
బ్యాంకులో ఉండాను,
మా మరిది జేబులో ఉండాను.
మొన్న రాత్రి తాగొచ్చి
అడిగిన పాట రాలేదని
ఫోనును నానా బూతులూ తిట్టినాడు.
వంటింట్లో నేను చట్నీకి పప్పులు వేయిస్తా ఉండా.
హాల్లోంచి నేనే పలికినా:
"క్షమించండి. మళ్ళీ ఒకసారి చెప్తారా?"
పద్నాలుగో తీరు అది. గుర్తుంది.
ఆ రోజు నాకు జొరం.

ఆ గొంతు ఎవరిదో వాడికి తెలీదు.
గరిటె ఆపి ఒక క్షణం నిలబడినా.
పప్పులు మాడినాయి.

ఆఖరి రోజు హేమాద్రి
"ఒక్క నిమిషం ఏమీ మాట్లాడొద్దు మేడమ్,
గది నిశ్శబ్దం కావాల" అన్నాడు.
మాటకూ మాటకూ నడుమ అతికించడానికంట.
కూర్చున్నా, మైకు వైపే చూస్తా.
నవ్వమని ఎవరూ చెప్పలేదు.

మీరు తిట్టినాక,
క్షమించండి రాకముందు,
రవ్వంత ఖాళీ ఉంటాది.
ఈసారి చెవి పెట్టి వినండి.
కిందింటి కుక్కర్ ఇంకా కూయలేదు.
అందులో నేను నవ్వడం లేదు.