కోడికునుకు

నాలుగో సైకిల్ పోయిన రోజు
పోలీస్ స్టేషన్‌లో ఆవిడ ఫారం జరుపుతూ
"ఫ్రేమ్ నంబరు గుర్తుందా?" అంది.
లేదు.
చుట్టుకొకసారి ఎడమ పెడల్
టక్కుమనడం గుర్తుంది.
ఫారంలో దానికి గడి లేదు.

ఖ్రోనింగెన్‌లో సైకిల్ని వెతకడమంటే
పడిపోయిన వానలో
ఫలానా చినుకు కోసం వెతకడం.
ఆ చలికాలం వంటింటి బల్ల మీద
సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి
ఒక కుక్కని చేయడం మొదలుపెట్టాను.
బొటనవేలంత కుక్క.
పుట్టినప్పుడు పెట్టిన ఒక్క బ్యాటరీయే
దాని జన్మకంతా తిండి.

మేలుకుని కాపలా కాస్తే
నాలుగు రోజుల్లో చస్తుంది.
ఒళ్ళెరక్క నిద్రపోతే
దొంగలు పడ్డ ఆరునెలలకి మొరుగుతుంది.
దానికి కోడికునుకు నేర్పాలి.

నిద్రలో మూడు మైక్రోయాంపియర్లు చాలని
కాగితం మీద రాసుకున్నాను.
మీటరు ఇరవైనాలుగంది.
మూడు వారాలు.
సెన్సర్ పీకాను, కోడ్ తిరగరాశాను,
నిజాయితీగా నిద్రపోతున్న చిప్‌ని
అనుమానించి మార్చేశాను.
ఆఖరికి,
బ్యాటరీ ఎంత మిగిలిందో చూడమని
నేనే కూర్చోబెట్టిన రెండు రెసిస్టర్లు
రాత్రీ పగలూ చుక్కచుక్కగా తాగుతున్నాయి.
ఇంటిదొంగలు.
లేచినప్పుడు మాత్రమే తెరుచుకునే
ఓ చిన్న తలుపు పెట్టాను వాటికి.
మీటరు మూడు దగ్గర నిలబడింది.
ఆ రాత్రి నేనూ నిద్రపోయాను.

రిపేరు షాపు హిల్‌బ్రాండ్
చేతులు గుడ్డకి తుడుచుకుంటూ చూశాడు.
"గొట్టంలో దాస్తే ఇనుము దీని గొంతు నొక్కేస్తుంది.
వెనకదీపం డొల్లలో పెట్టు.
వెలగని దీపం జోలికి
ఈ ఊళ్ళో ఎవడూ పోడు."
డొల్లకి రెండు యూరోలు తీసుకున్నాడు.

బయట పడుకోబెట్టిన మొదటి రాత్రి
ముప్ఫయ్యొక్కసార్లు మొరిగింది.
ఉత్తర సముద్రం గాలి.
తన బండి లాక్కుంటూ నా హ్యాండిల్ తగిలించిన కుర్రాడు.
మళ్ళీ గాలి.
కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని
గాలి ఎలా కదుపుతుందో చూస్తూ కూర్చున్నాను.
గాలి ఎంత ఊపినా
మొదటి చోటికే తెచ్చి వదుల్తుంది.
దొంగ తేడు.
ఆ ఒక్క తేడా
నలభై వరసల కోడ్ అయింది.

మార్చిలో ఐదో సైకిల్ పోయింది.
సిగ్గులేకుండా సంతోషించాను.

మొదటి చుక్క కాలువ వంతెన కింద,
రెండు రోజులు అక్కడే.
చేతులు మారి ఉంటుంది.
తర్వాత ప్రతి రాత్రీ పది నలభైకి ఒక చుక్క,
తెల్లారి ఏడుంపావుకి ఇంకోటి.
ఆదివారాలు ఏమీ లేవు.
ఒక గురువారం రాత్రి కూడా లేదు.
జ్వరమేమో అనుకున్నాను,
అనుకున్నందుకు నామీద నాకే చిరాకేసింది.
ఎవరో తెలియని మనిషి కదిలితేనే
దానికి ఖర్చు.
నేను దాచిపెట్టిన ఒక్కొక్క మైక్రోయాంపియర్‌నీ
ఎవరిదో నైట్ డ్యూటీ
వాడుకుంటోంది.

శుక్రవారం రాత్రి పదకొండింటికి
కట్టర్ సంచిలో వేసుకుని వెళ్ళాను.
ఆసుపత్రి లాండ్రీ వెనక గోడ.
కిటికీల్లోంచి ఆవిరి, ఉడికిన దుప్పట్ల వాసన.
అదే బండి.
ముందు పసిపిల్లల సీటు బిగించి ఉంది,
దాని మడతల్లో బిస్కట్ పొడి.
నేను ఏడాదిగా పట్టించుకోని చైనుకి
నూనె వేశారు.
తడవకుండా సీటుకి ప్లాస్టిక్ కవర్ తొడిగి
చెవులు ముడేశారు.
తాళం కొత్తది,
నేనెప్పుడూ కొననంత మంచిది.

సంచిలోంచి కట్టర్ తీయబోయి
అటూ ఇటూ చూశాను.
అలా చూసేవాళ్ళ కోసమే కదా
చలికాలమంతా కూర్చున్నది.

కట్టర్ పళ్ళ మధ్యకి తాళం వచ్చింది.
నొక్కలేదింకా.
బండి ఒక్కవేలెడు జరిగింది,
మళ్ళీ మొదటి చోటికి రాలేదు.

వెలగని దీపం లోపల
అది కళ్ళు తెరిచింది.

నా కోటు జేబులో మొరిగింది.
బ్యాటరీ ఎనభైరెండు శాతం.