కుక్కర్ కూత

మలక్‌పేటలో ఎవరింట్లోనో
చెప్పుల డబ్బాలో కళ్లు తెరిచిందట.
మారీ బిస్కెట్టు, పెరుగన్నం, టీవీ వెలుగు,
మూడేళ్లూ అదే దాని ఋతువు.
అటవీశాఖ జీపు దించిపోయిన పదకొండు చిలుకల్లో
ఇదొక్కటే నన్ను చూసి
"ఎవరూ?" అనడిగింది.

జవాబు చెప్పకూడదు. అది మొదటి నియమం.
పేరు పెట్టకూడదు.
పెట్టాను, లోపల్లోపల.

లతీఫ్ మియా ఒకప్పుడు ముర్గీచౌక్‌కి
జిగురు పుల్లలతో పిట్టల్ని పట్టి తెచ్చినవాడు.
"ఎగురుడు నేర్పనక్కర్లేదు బేటీ,
వాలుడు నేర్పాలె.
కొమ్మ ఊగుతది. పంజరంల పుల్ల ఊగదు."

తాళ్లకు కొమ్మలు కట్టి ఊపాం.
జొన్నకంకి, పచ్చి చింతకాయ ముందుంచితే
బిస్కెట్టు కోసం గిన్నె అంచును
రెండ్రోజులు ముక్కుతో కొట్టింది.
పిల్లిని చూపిస్తే, గోకమని మెడ వంచింది.
అట్టముక్కతో డేగ నీడ కత్తిరించి
తీగ మీద లాగితే తలెత్తి
"ఎవరూ?" అంది.

ఇక మిగిలిన పాఠం నేనే.
స్టీలు పళ్లాన్ని గరిటెతో బాదుతూ
రోజుకు నాలుగుసార్లు మీదికి ఉరకాలి,
నన్ను చూస్తే పారిపోయేదాకా.
పద్దెనిమిదో రోజు, నేను తలుపు తీయగానే
జాలీకి కొట్టుకుంది. ముక్కు మీద రక్తపు చుక్క.
"శభాష్" అన్నాడు మియా, దాన్నో నన్నో.
ఆ రాత్రి మా వంటింట్లో పళ్లెం జారిపడితే
ఉలిక్కిపడింది నేనే.

కార్తీకం చివర్లో, చిలుకూరు దాటాక,
గూటి తలుపు తీసి వెనక్కి నడిచాం.
పొద్దుగూకుతుంటే అడవి గుంపొకటి
వేపచెట్టు నిండా వాలి కీచులాడుకుంటోంది.
ఇదీ వెళ్లి వాలింది. కొమ్మ ఊగింది, ఆగింది.
మెడ సాచి, ఏదో చెప్పాలని,
తనకొచ్చిన ఒకే ఒక్క పెద్ద మాట చెప్పింది:
కుక్కర్ కూత. పప్పుకి మూడు.

గుంపంతా లేచిపోయింది.
చెట్టంత చెట్టులో ఇదొక్కటే.

పుస్తకంలో లెక్క రాశాను:
డేగకు రెండు. కరెంటు తీగకు ఒకటి.
చాయ్ బండి దగ్గర జనం భుజాల మీద మూడు, వెనక్కి తెచ్చాం.
నాలుగు, తెలియదు.
పదకొండో గడి ఖాళీగా ఉంచాను.

మొన్న మాఘంలో, కనుచూపుమేర
పొయ్యి అన్నది లేనిచోట
కుక్కర్ కూసింది.
కాసేపటికి పక్క కొమ్మ నుంచి ఇంకొకటి,
వంకరగా, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నట్టు.

పేరు నాలుక చివరిదాకా వచ్చింది.
మియా నా మోచేయి పట్టుకున్నాడు.
సంచిలోంచి పళ్లెం తీసి
చేతనైనంత గట్టిగా బాదాను.

ఈసారి చెట్టు
పూర్తిగా ఖాళీ అయింది.