కరిగే సరుకు

రేపట్నించీ రెండో మిషను నీదే, కొండాజమ్మా.
తాళం ఇదిగో. తుప్పట్టింది, తిప్పినప్పుడు కాస్త పైకెత్తాల.
ఫిషింగ్ హార్బరులో ఇరవై రెండేళ్ళు
నాను తెరిసిన తలుపది.
నాలుగు మాటలు సెప్పమన్నావు కదా, ఇను.

మనం అమ్మేది నీరు.
గట్టిగున్నంతసేపే దానికి రేటు.
బట్టల కొట్టోడు రేపమ్ముకుంటాడు,
ఇత్తడి సామాన్లోడు వచ్చే యేడు అమ్ముకుంటాడు.
మన సరుకు మాత్రం మనం బేరమాడతన్నప్పుడే
కాళ్ళ కిందనుంచి కాలవలోకి ఎల్లిపోతాది.
బేరం రెండు మాటల్లో తెగ్గొట్టు.
మూడో మాటకి గోనెలో కిలో తగ్గిపోతాది.

రెండున్నరకి లారీ వొస్తాది.
డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరుగుతుంటాది, నిద్ర కళ్ళు మండుతుంటాయి.
అప్పుడే మోసపోతాం.
దిమ్మలు నీ సేత్తో తట్టి లెక్కెట్టు.
పాలలా తెల్లగుంటే లోపల గాలి,
ఎనక్కి పంపీ.
అద్దంలాగ అవతలి దీపం కనిపించాల.

అరువు బోటుకి ఇవ్వకు, మనిషికివ్వు.
ఎల్లాజీ బోటుకి కొత్త రంగు సూసి
ముప్పై వేల ఐసు రాసీసినాను.
ఆ నెల్లోనే బోటు కాకినాడ ఆసామికి ఎల్లిపోనాది.
బాకీ నా పుస్తకంలో ఉండిపోనాది,
ఆ పేజీ ఇప్పటికీ తడిగా ఉన్నట్టుంటాది.

పెద్ద బోటు పదేను రోజులకోసారి.
బుట్టమ్మ రోజూ వొస్తాది,
పెదవాల్తేరుకో కంచరపాలేనికో
నెత్తిన సేపలతో నడిసెల్లాల,
సేతిలో సిల్లరుంటాది.
ఆవిడ్ని లైన్లోంచి తోసీకు.
పిడికెడు ఎక్కువెయ్యి, ఎలాగూ కరిగిపోయేదే.

డబ్బాలు రెండెట్టుకో.
ఒకటి ఇంటిది, ఒకటి మిషనుది.
మా గుంటకి ఫీజు కట్టాలని ఓసారి
మిషను డబ్బాలో సెయ్యెట్టినాను.
ఆ వారమే బ్లేడు ఇరిగింది.
పదకొండు రోజులు మిషను నోరు తెరవలేదు.
గిరాకీ అవతలికెల్లింది, సగమే తిరిగొచ్చింది.
గుంట సదువుకుంది, అది నిజమే.
తప్పు సేసినానో ఒప్పు సేసినానో
ఈ లెక్క నాకింకా తేలలేదు.
దీనికి మాత్రం నన్ను సలహా అడక్కు.

కూలి డబ్బులు పొద్దుగూకేసరికి ఇచ్చీ.
అడిగించుకున్న రూపాయికి ఉప్పుండదు.

స్కానరు బోర్డుకి ప్లాస్టిక్కు కవరు తొడుగు,
ఉప్పుగాలి అచ్చరాల్ని తినేస్తాది.
డబ్బులు పడ్డాయని ఆ డబ్బా అరిసినాకే
గోనె భుజానికెత్తు.
ఫోనులో పచ్చ టిక్కు సూపిస్తే
నవ్వీసి నిలబడు, అంతే.

ఏప్రిల్ నడిమినుంచి రెండు నెల్లు ఏట బంద్.
బోట్లు ఒకదానికొకటి కట్టుకుని పడుంటాయి,
మనకి అద్దె మాత్రం పడుకోదు.
వంజరం బాగా పడిన రోజునే ఆ అద్దె దాసీ.
అప్పుడే బీచి రోడ్డు జూసు బళ్ళోళ్ళు వొస్తారు,
రెట్టింపిస్తామంటారు.
ఇవ్వకు.
సేపల ఐసు తినే ఐసు కాదు.
ఎవరి గుంటడికో జొరమొస్తే
ఆ డబ్బు ఏ డబ్బాలో ఏస్తావు?

ఇంకో మాట. మొదటి మిషను నాదగ్గరే ఉంది, తెలుసుగా.
రేపట్నించీ మనం ఎదురెదురు.
నా గిరాకీ నీ దగ్గరికొస్తే రానీ, ఏడవను.
అలాగని ఊరుకోను కూడా.
రేటు కొయ్యను,
నీకంటే ముందు లేసి
నీకంటే మంచి దిమ్మ తెస్తాను.
నువ్వూ అదే సెయ్యి. నామీద జాలి పడకు.

సూసినావా, మాటల్లో పడి
గోనె కింద ఎంత నీరు కారిందో.
ఊక కప్పు.
అదిగో, లారీ లైట్లు.