గుండీ

లైబ్రరీ బస్సు పదిహేను రోజులకొకసారి వస్తుంది,
మంచు ఒప్పుకుంటే.
వేళ్ళ సందుల్లో ఎంత తోమినా పోని కాడ్ చేప వాసనని
డ్రైవరు సిగ్‌మోర్ ఎప్పుడూ పట్టించుకోడు.
"మన పాత పాస్టరు రాశాడట, తీసుకెళ్ళు" అన్నాడు.
సన్నటి పుస్తకం. అట్ట మీద ఖాళీ పడవ.
ఇలాంటి పుస్తకాలకి పడవే ఎందుకో,
పడవల్లో పనిచేసేవాళ్ళని ఎవరూ అడగరు.

లోఫోటెన్‌కి సూర్యుడు తిరిగి రావడానికి ఇంకా నాలుగు రోజులు.
మిట్టమధ్యాహ్నం దీపం పెట్టుకుని కూర్చున్నాను
రెండో అధ్యాయానికి నిద్ర పడుతుందనే ధైర్యంతో.

ఐలర్ట్ నెస్‌వోల్ బోధించలేదు.
తడిసిన మేజోళ్ళు విప్పి పొయ్యి పక్కన ఆరేసినట్టు
మొదటి పేజీలోనే చెప్పేశాడు:
పదకొండేళ్ళు ఆ బల్ల వెనక నిలబడి
అవతల ఎవరూ ఎత్తని ఫోనులో మాట్లాడాడట.
బల్లారాధనలో మిగిలిన ద్రాక్షరసం
వెనక గదిలో తనే తాగేవాడట,
మొదట చలికి,
తర్వాత చలి లేకపోయినా.

నవ్వొచ్చింది.
నవ్వు ఆగాక కోపం వచ్చింది.
నా ఇద్దరు పిల్లల నుదుటి మీద నీళ్ళు పోసింది ఆ చేతులేనా!
పుస్తకం మూసి గిన్నెలు కడిగాను.
కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో
అనుదినాహారం దాకా వచ్చి ఆగిపోయేవాడట.
ఆ తర్వాతి ఋణాల మాట గొంతు దిగేది కాదట.
దగ్గు నటించేవాడట, ప్రతి ఆదివారం,
ఎవరికీ తెలియలేదనుకున్నాడట.

అయ్యో పాస్టరు గారూ,
దగ్గు మాకు వినపడింది.
పొగాకు అనుకున్నాం, ముసలి ఊపిరితిత్తులనుకున్నాం,
మీరు దగ్గినప్పుడల్లా నలభై మందిమి గొంతు కొంచెం పెంచి
మిగిలింది మేమే పూర్తి చేసేవాళ్ళం.
గట్టు చేరని పడవని తాడేసి లాగినట్టు.
అది మీ పుస్తకంలో లేదు.

నూట పదమూడో పేజీలో నేనున్నాను.
పేరు మార్చాడు, మర్యాదస్తుడు.
ఓడ్‌వార్‌ని సముద్రం తిరిగి ఇవ్వని ఏడు
ఖాళీ పెట్టె ముందు నిలబడి పునరుత్థానం గురించి చెప్పాడు కదా,
ఆ రోజు:
"నోరు చెబుతోంది, లోపల ఏమీ లేదు.
రెండో వరసలో ఆమె ఏడవకుండా నా వైపే చూస్తోంది.
నాకు భయమేసింది.
ఆమె ఒక్కతే నన్ను కనిపెట్టేసింది."

దీపం వత్తి తగ్గించాను. మళ్ళీ పెంచాను.
ఇరవై ఆరేళ్ళు ఆ మనిషి నా చూపుని మోశాడు
రాయిలాగా, తీర్పులాగా.

బయట ఎండుచేపల దండేలు ఖాళీగా ఉన్నాయి,
పడవలింకా రాలేదు.
గాలి కర్రల మధ్య దూరి ఏదో అంటోంది,
దానికి అర్థం కట్టే ఓపిక నాకు లేదు.

నాకు దేవుడి గురించి పెద్దగా తెలియదు.
అప్పుడూ తెలియదు.
ఖాళీ పెట్టె వైపు చూడలేక
చూడ్డానికి ఇంకేదైనా కావాలనిపించి
చూశాను, అంతే.

లైబ్రరీ పుస్తకంలో రాయకూడదు.
ఆ అంచున పెన్సిల్‌తో, చిన్నగా రాశాను:

నేనేమీ కనిపెట్టలేదు.
మీ నల్ల అంగీ మీద మూడో గుండీ
ఒక్క దారప్పోగు మీద వేలాడుతోంది.
ఊడిపోతుందేమోనని చూస్తున్నాను.
సూది నా చేతిసంచిలోనే ఉంది.
అడగాలనుకున్నాను.